పిండినల్లి

సున్నం పొట్టు అనుకున్నాను మొదట.
శ్రావణం వచ్చిందంటే మా జ్ఞానాపురం గోడలు
ఉప్పుగాలికి పొలుసులు రాలుస్తాయి.
బీరువా మీద మనీప్లాంటు
ఆకు చంకలో తెల్లటి నలుసు.
గోటితో గీకితే
జిడ్డుగా, పసుప్పచ్చగా అంటుకుంది.

కురుపాం మార్కెట్లో
ముప్ఫై రెండేళ్లుగా వాచీలు విప్పుతున్నాను.
వేలికంటినదేదో తెలియకపోతే
నాకు నిద్ర పట్టదు.
దుకాణంలోంచి ఐగ్లాసు తెచ్చి
కుడికంట్లో ఇరికించుకుని వంగాను.

అమ్మో!
ఒంటి చుట్టూ మైనపు కుచ్చులు,
వీపున మడతలు మడతలుగా పిండి,
మూతి ఆకులోకి దించి
కదలదు మెదలదు, తాగుతోంది.
నువ్వుగింజంత ఒంట్లో
అన్ని కాళ్లు ఎలా బిగించారో!
స్క్రూ ఎక్కడా కనబడదు.

చేతికందింది పెట్రోలు,
వాచీ చక్రాలు కడిగేది.
బ్రష్షుతో రాసేశాను.
పురుగు చచ్చింది.
మూడోనాటికి ఆకూ చచ్చింది,
కాల్చిన అప్పడంలా అంచులు ముడుచుకుని.

కింద వాటాలో ఎస్తేరమ్మ
పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి,
మెట్ల మీంచే వాసన పట్టింది.
"ఏటి బాబూ, మొక్కకి నిప్పెట్టేసినావా?
దూదికి స్పిరిట్ అద్ది తుడు.
ఆనక కుంకుడు నురగలో
నాలుగు చుక్కలు వేపనూనేసి కొట్టు.
ఒక్కపాలితో పోద్దనుకోకు,
ఈటికి పిల్లలు ఎక్కువ."

అప్పట్నుంచీ ఆదివారాలు నాకు పని దొరికింది.
తీగని ఒళ్లో పరుచుకుంటాను
విరిగిన చెయ్యిలా.
ఆకు పైన పోర్టు బొగ్గుపొడి,
అడుగున తెల్ల పురుగు.
దూది ఒక పక్క నలుపు, ఒక పక్క పసుపు.
కణుపు కణుపుకీ ఆగాలి.
దూది దూరని సందులోకి
హెయిర్‌స్ప్రింగు ఎత్తే పట్కారు దూరుతుంది.
తల్లి పొట్ట కింద
దూదిసంచీలో గుడ్లు,
లెక్కపెట్టబోయి మానేశాను.

ఇంతా చేస్తే, తెల్లారేసరికి
స్విచ్‌బోర్డు వెనకనుంచి చీమల బారు,
పాలకేంద్రానికి పోతున్నట్టు.
మీసాలతో పురుగు వీపు నిమిరితే
వెనకనుంచి ఒక తేనెబొట్టు జారుతుంది.
నేను తుడిచి శుభ్రం చేసిన కొమ్మ మీదికే
ఒక చీమ
పిల్లపురుగుని నోట కరుచుకుని
జాగ్రత్తగా, ఎక్కడా నొక్కకుండా
మోసుకుపోతోంది.
నా పట్కారుకి కూడా
అంత మెత్తని పట్టు లేదు.

తొట్టిని నీళ్లపళ్లెంలో నిలబెట్టాను.
చీమలకి దారి తెగింది.
రెండు నెలలకి
కొత్తాకు విప్పుకుంది, చుట్ట విప్పిన కాగితంలా.

దుకాణంలో ఈమధ్య
రోజుకి రెండు బ్యాటరీలు మారుస్తున్నాను.
పాత వాచీ ఎవరూ తేరు.
బల్ల మీద పట్కారు అలాగే పడుంటుంది,
కన్ను మాత్రం దేనికోసమో
ముడుచుకునే ఉంటుంది.

నిన్న బుధవారం.
ఊరికే తొట్టి అంచు ఎత్తి చూశాను.
మట్టికీ ప్లాస్టిక్‌కీ మధ్య
ఒక్కటే,
కుచ్చులన్నీ సర్దుకుని కూర్చుంది.
పట్కారు ఎత్తాను.
చాలాసేపే ఎత్తి పట్టుకున్నాను.
గూడ్సు బండి ఒకటి కూతపెట్టి
పూర్తిగా వెళ్లిపోయేంతసేపు.

నీళ్లబిందెతో మెట్లెక్కుతూ ఎస్తేరమ్మ అడిగింది:
"పోనాయా బాబూ, పురుగులు?"

"పోయాయండీ" అన్నాను
ఐగ్లాసు జేబులో వేసుకుంటూ.